బార్బర్టన్: మకోంజ్వా కొండల నడుమ బంగారు ఊరు

దక్షిణాఫ్రికా తూర్పు అంచున, ఎస్వాటినీ సరిహద్దుకు దగ్గరగా, చుట్టూ కొండలు కమ్ముకున్న డి కాప్ లోయలో ఉన్న చిన్న పట్టణం బార్బర్టన్. మ్పుమలాంగా ప్రావిన్సు రాజధాని మ్బొంబేలా (పాత పేరు నెల్‌స్ప్రూట్) ఇక్కడికి ఉత్తరాన సుమారు 45 కిలోమీటర్లు. జొహానెస్‌బర్గ్ నుంచి కారులో నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. 2016 దాకా ఈ ఊరు ఉమ్‌జిండి అనే మునిసిపాలిటీకి కేంద్రంగా ఉండేది. ఆ ఏడాది దాన్ని మ్బొంబేలా నగరపాలనలో కలిపేశారు.

పర్యాటక కరపత్రాలు ఈ ఊరిని క్రూగర్ జాతీయ పార్కుకు పోయే దారిలో ఒక రాత్రి మజిలీగా చూపించి ఊరుకుంటాయి. అది దీనికి జరిగిన అన్యాయమే. ఇక్కడ బంగారం ఎందుకు దొరికింది, ఇంకెక్కడా మొలవని మొక్కలు ఇక్కడే ఎందుకు మొలుస్తాయి, కొండలకు ప్రపంచ వారసత్వ హోదా ఎందుకొచ్చింది, అసలు ఊరు ఇంత చిన్నదిగా ఎందుకు మిగిలిపోయింది అని ఒక్కొక్కటే ఆరా తీస్తూ పోతే అన్ని దారులూ ఒకచోటికే చేరతాయి: మకోంజ్వా కొండల రాయి దగ్గరికి.

మకరరేఖకు రెండు మూడు డిగ్రీలు దక్షిణాన, సముద్రమట్టానికి 800 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉండడం వల్ల ఇక్కడిది ఉపోష్ణమండల వాతావరణం. రుతువులు మనకు తలకిందులు. అక్టోబరు నుంచి మార్చి దాకా ఎండలూ వానలూ కలిసే వస్తాయి. పొద్దంతా కాగి, సాయంత్రానికి ఉరుములతో కుండపోత. మామిడిపండ్లు డిసెంబరు, జనవరిలో పండుతాయి. జూన్, జూలైల్లో వాన చుక్క అరుదు, పగలు ఎండ హాయిగా ఉంటుంది, రాత్రి స్వెటర్ కావాలి. ఊళ్ళో మంచు గడ్డకట్టడం అంతగా ఉండదు. పైన కొండల మీది గడ్డి మైదానాల్లో మాత్రం చలి వేరే లెక్క.

కొండల వయసు

మకోంజ్వా కొండల్ని భూగర్భ శాస్త్రవేత్తలు బార్బర్టన్ గ్రీన్‌స్టోన్ బెల్ట్ అంటారు. ఇక్కడి రాళ్ళు సుమారు 360 కోట్ల ఏళ్ళ నుంచి 325 కోట్ల ఏళ్ళ నాటివి. భూమి వయసే 450 కోట్ల చిల్లర. ఇంతకన్నా పాత రాళ్ళు కెనడాలోనో గ్రీన్‌లాండ్‌లోనో లేకపోలేదు. కానీ అవి తర్వాతి కాలపు వేడికీ ఒత్తిడికీ కరిగి, నలిగి, తొలి రూపం కోల్పోయాయి. బార్బర్టన్‌లో ఉన్నవి పెద్దగా చెడలేదు. ఖండాలు అప్పుడప్పుడే ఏర్పడుతున్న నాటి లావా, ఇసుక, బురద ఏ వరసలో పేరుకున్నాయో ఆ వరసలోనే చూడవచ్చు. అందుకే 2018లో బహ్రెయిన్‌లో జరిగిన సమావేశంలో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లక్షా పదమూడు వేల హెక్టార్లకు పైగా ఉన్న ఆ ప్రాంతంలోకి వచ్చింది మొత్తం బెల్ట్‌లో నూటికి నలభై పాళ్ళే.

1969లో మోరిస్, రిచర్డ్ విల్యోన్ అనే అన్నదమ్ములు ఇక్కడి కొమాటి నది లోయలో ఒక వింత లావా రాయిని గుర్తించి, నది పేరుతోనే దానికి కొమాటియైట్ అని పేరు పెట్టారు. మెగ్నీషియం విపరీతంగా ఉన్న ఈ లావా 1600 డిగ్రీల సెల్సియస్ వేడితో పైకి ఉబికింది. నేటి హవాయి అగ్నిపర్వతాల లావా 1200 దాటదు. అంటే భూమి లోపల ఇప్పటికన్నా అప్పుడు ఎంతో వేడిగా ఉండేదన్నమాట. ఆ లావా చల్లారేటప్పుడు ఏర్పడ్డ స్ఫటికాలు సన్నటి పొడవాటి రేకులుగా సాగి, ఒకదాని మీదుగా ఒకటి అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటాయి. రాతి మీద ఎవరో దర్భలు పరిచి అచ్చు తీసినట్టు కనబడుతుంది. ఒకసారి కళ్ళారా చూస్తే ఆ రాయిని మరో రాయి అనుకోవడం కష్టం.

ఇసుకరాళ్ళ కథ ఇంకా బాగుంటుంది. మూడీస్ గ్రూపు అనే పొరల్లో సముద్రపు పోటు పెట్టిన ఇసుక పొరలు, వాటిని వేరు చేసే పలచటి బురద పొరలు ఒకదాని మీద ఒకటి లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉన్నాయి. 320 కోట్ల ఏళ్ళ కిందటి ఆటుపోట్లవి. చంద్రుడు అప్పటికే ఆకాశంలో ఉండి సముద్రాన్ని లాగుతున్నాడనడానికి చేత్తో తాకి చూడగల సాక్ష్యం. అవే పొరల్లో సూక్ష్మజీవుల చాపలు పరుచుకున్న ఆనవాళ్ళు కూడా ఉన్నాయి. మరికొన్ని చోట్ల ఆవగింజంత రాతి గోళీల పొరలు కనబడతాయి. పెద్ద ఉల్కలు పడ్డప్పుడు ఆవిరై పైకెగసిన రాయి చల్లారి, బిందువులై కురిసింది. ఆ ఉల్కల్లో ఒకటి దాదాపు 326 కోట్ల ఏళ్ళ కిందట పడింది. డైనోసార్లను తుడిచిపెట్టిన ఉల్కకన్నా అది ఎన్నో రెట్లు పెద్దదని అంచనా.

ఇదంతా చూడ్డానికి పుస్తకాలు చదివి రానక్కర్లేదు. బార్బర్టన్ నుంచి ఎస్వాటినీలోని బులెంబు సరిహద్దుకు ఎక్కే ఆర్‌40 రోడ్డు వెంట, నలభై కిలోమీటర్లకు కాస్త లోపు, 2014లో జియోట్రెయిల్ ఏర్పాటు చేశారు. రోడ్డు పక్కన కారు ఆపుకునే జాగా, అక్కడ ఒక రాయి, ఆ రాయి సంగతి చెప్పే పలక. అంతే. ఆటుపోట్ల రాయి దగ్గర ఒక అరగంట నిలబడి, తక్కినవి చూస్తూ దాటిపోయినా తప్పులేదు.

తెలుగువారికి ఈ రాళ్ళు మరీ పరాయివి కావు. అనంతపురం సీమలోని రామగిరి బంగారు గనులు, సరిహద్దుకు అవతల తెలుగువాళ్ళు తరతరాలుగా పనిచేసిన కోలార్ గనులు కూడా గ్రీన్‌స్టోన్ బెల్టుల్లోనివే. వయసులో మాత్రం చిన్నవి, సుమారు 270 కోట్ల ఏళ్ళు. రామగిరి, కోలార్ రెండూ 2001లో మూతపడ్డాయి. బార్బర్టన్ గనులు నేటికీ నడుస్తున్నాయి.

బంగారం వచ్చింది, జనం వచ్చారు, జనం పోయారు

రాతి పగుళ్ళలోకి లోపలి నుంచి వేడినీళ్ళు ఎగదన్నినప్పుడు వాటితో వచ్చిన బంగారం ఈ కొండల్లో సన్నటి ఈనెలుగా చిక్కుకుపోయింది. 1883లో ఆగస్ట్ రాబర్ట్ అనే ఫ్రెంచివాడు, జనం నోట ‘ఫ్రెంచ్ బాబ్’, ఈ లోయలో బంగారపు ఈనె అయిన పయొనీర్ రీఫ్‌ను కనిపెట్టాడు. మరుసటి ఏడు గ్రాహమ్ బార్బర్, అతని దాయాదులు ఫ్రెడ్, హ్యారీ కలిసి రైమర్స్ క్రీక్ అనే వాగు పక్కన మరో రీఫ్ పట్టారు. వాళ్ళ ఇంటిపేరే ఊరి పేరైంది. గనుల కమిషనర్ డేవిడ్ విల్సన్ ఒక జిన్ సీసాను బండకేసి కొట్టి నామకరణం చేశాడంటారు. షాంపేన్ దొరకలేదు కాబోలు.

అసలు ఊపు 1885లో ఎడ్విన్ బ్రే షీబా రీఫ్‌ను తవ్వినప్పుడు మొదలైంది. గుడారాలు పోయి రేకుల ఇళ్ళు, అవీ పోయి ఇటుక మేడలు లేచాయి. సారా దుకాణాలు, సంగీతశాలలు, పత్రికలు పుట్టుకొచ్చాయి. 1887లో షేర్ మార్కెట్టే వెలిసింది. ఆ భవనం ముఖభాగం పిల్‌గ్రిమ్ స్ట్రీట్‌లో ఇంకా నిలబడి ఉంది. వెనక ఏమీ లేదు. ఒక రకంగా ఆనాటి కంపెనీల తీరూ అంతే. లండన్‌లో వాటాలు అమ్ముకున్న సంస్థల్లో చాలావాటికి చూపించుకోవడానికి కాగితాలు తప్ప బంగారం లేదు.

లోయలో వేడి, మలేరియా. అందుకే స్తోమత ఉన్నవాళ్ళు, గనికి దగ్గరగా ఉండాలనుకున్నవాళ్ళు షీబా పైన కొండ మీద యురేకా సిటీ అనే మరో ఊరు కట్టుకున్నారు. హోటళ్ళు, సంగీతశాల, గుర్రప్పందేల మైదానం కూడా అక్కడ ఉండేవి. ఇప్పుడు ఉన్నవి మొండిగోడలే.

1886లో విట్‌వాటర్స్‌రాండ్‌లో, అంటే నేటి జొహానెస్‌బర్గ్ ఉన్న చోట, బంగారం బయటపడింది. అక్కడి పొర వెడల్పుగా, మైళ్ళ కొద్దీ తెగకుండా సాగుతుంది. బార్బర్టన్ బంగారం అలా కాదు: ఇక్కడో ఈనె, అక్కడో ఈనె, అదీ నిట్టనిలువు కొండ కడుపులో. పెట్టుబడి ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. వాటాల ధరలు కుప్పకూలాయి, వచ్చిన జనం వచ్చినంత వేగంగానే లేచిపోయారు. జొహానెస్‌బర్గ్ మహానగరమైంది, బార్బర్టన్ ఊరుగానే ఉండిపోయింది. చుట్టూ ఉన్న కొండలు ఇళ్ళ కిందికి పోకుండా మిగిలింది ఆ ఓటమి వల్లే. రైలు కూడా ఆలస్యంగా, 1896లో, కాప్‌ముయిడెన్ నుంచి శాఖ లైనుగా వచ్చింది. బోయర్ యుద్ధంలో 1900 సెప్టెంబరులో బ్రిటిష్ జనరల్ ఫ్రెంచ్ కొండలు దాటి వచ్చి ఊరిని పట్టుకున్నాడు. 1901లో కట్టిన చెక్క, రేకుల కాపలా గది ఇంకా ఉంది.

మిగిలిన గనులు మాత్రం మొండిగా నడిచాయి. ప్రపంచంలో అతి పాత కాలం నుంచి పనిచేస్తున్న బంగారు గనుల్లో షీబా ఒకటి. ఫెయిర్‌వ్యూ గనిలో దొరికే ముడిఖనిజంలో బంగారం ఇనుము, గంధకం, ఆర్సెనిక్ కలిసిన ఖనిజాల లోపల బిగుసుకుని ఉంటుంది. మామూలుగా సయనైడ్ పోస్తే బయటికి రాదు. పాతకాలంలో దాన్ని కాల్చేవారు, విషపు పొగ వచ్చేది. 1986లో అక్కడ బ్యాక్టీరియాను పనిలోకి దించారు. తొట్లలో పెంచిన ఆ సూక్ష్మజీవులు గంధకపు ఖనిజాన్ని తినేసి బంగారాన్ని విడిపిస్తాయి. ఈ పద్ధతి వ్యాపార స్థాయిలో ప్రపంచంలో మొదలైంది ఇక్కడే.

గని ఊరి కథ చెప్పేటప్పుడు 2016 ఫిబ్రవరి 5ను వదిలేయడం కుదరదు. ఆ ఉదయం దగ్గర్లోని లిలీ గనిలో నేల కుంగి, దీపాలు భద్రపరిచే కంటైనర్ గదితో సహా ముగ్గురు కార్మికులు లోపలికి పోయారు. వాళ్ళను బయటికి తీయలేకపోయారు. తమవాళ్ళను, కొలువులను పోగొట్టుకున్న కుటుంబాల పోరాటం ఏళ్ళ తరబడి సాగింది. మూసిన గనుల్లోకి ప్రాణాలకు తెగించి దిగే దొంగ తవ్వకందార్లను స్థానికంగా ‘జమాజమా’లు అంటారు. పాత సొరంగం కనబడింది కదా అని ఎవరూ ఒంటరిగా దూరకూడదనడానికి ఇదొక కారణం.

ఊరు

బార్బర్టన్‌ను నడిచి చూడాలి. 1904లో కట్టిన బెల్‌హావెన్ హౌస్ సంపన్నుల ఇల్లు. 1892 నాటి స్టాప్‌ఫర్త్ హౌస్ రొట్టెల వ్యాపారం చేసుకున్న మధ్యతరగతి కుటుంబానిది. ఈ రెండిట్లో రెండోదే బాగుంటుంది. రేకుల కప్పు, వరండా, వెనక కట్టెలు పెట్టుకునే కొట్టం: గని ఊళ్ళో మామూలు మనుషులు ఎలా బతికారో అది చెబుతుంది. రెండిటినీ బార్బర్టన్ మ్యూజియమే చూసుకుంటుంది.

టౌన్ హాల్ ముందు ఒక కుక్క విగ్రహం ఉంటుంది. ఎడ్లబండ్లతో సరుకు తోలుతూ ఇక్కడ బతికిన పెర్సీ ఫిట్జ్‌పాట్రిక్, తన కుక్క గురించి 1907లో ‘జాక్ ఆఫ్ ద బుష్‌వెల్డ్’ పుస్తకం అచ్చువేశాడు. దక్షిణాఫ్రికా పిల్లలు తరాలుగా చదువుకున్న పుస్తకం. విగ్రహం చెక్కిన ఐవన్ మిట్‌ఫర్డ్-బార్బర్టన్ ఆ బార్బర్ కుటుంబం వాడే.

ఈ పాత ఇళ్ళన్నీ తెల్లవాళ్ళవి. నల్లజాతి గని కార్మికుల, ఇంటిపనివాళ్ళ కుటుంబాలను వర్ణవివక్ష చట్టాలు ఊరి పక్కన ఎంజిండిని బస్తీకి పరిమితం చేశాయి. ఇవాళ బార్బర్టన్ జనంలో ఎక్కువ భాగం ఆ వైపునే ఉంటారు. వాళ్ళ మాట సిస్వాటి. వారసత్వ నడక దారులు ఆ బస్తీ వైపు మళ్ళకపోవడం ఈ ఊరి పర్యాటకంలో పెద్ద లోటు.

కొండ మీద మొలిచేవి

కొమాటియైట్ వంటి రాళ్ళు నీటితో కలిసి మారినప్పుడు సర్పెంటైన్ అనే పచ్చటి రాయి అవుతుంది. అది కరిగి ఏర్పడ్డ మట్టిలో మెగ్నీషియం, నికెల్ ఎక్కువ, మొక్కకు కావలసిన సున్నం, పొటాషియం తక్కువ. మామూలు మొక్కకు అది విషం. తట్టుకోగలిగినవి ఆ మట్టికే అంటిపెట్టుకుని వేరే జాతులైపోతాయి. ఎర్రటి పూలు పూసే ప్రోటియా కర్వాటా అనే చిన్న చెట్టు బార్బర్టన్ పరిసరాల్లో తప్ప పెరగదు. బెర్కెయా కాడి అనే పసుపు పూల మొక్క మరీ విచిత్రం. నికెల్‌ను నేలలోంచి లాగి ఆకుల్లో దాచుకుంటుంది. ఎండిన ఆకు బరువులో నూటికి ఒక పాలు పైగా నికెలే. మొక్కలను కోసి, కాల్చి లోహం తీయవచ్చా అని శాస్త్రవేత్తలు దీనితో ప్రయోగాలు చేశారు. ఇంత విషాన్నీ మేసే పురుగు ఒకటి దాని మీద బతుకుతోంది. బార్బర్టన్ పేరుతో ఒక సైకాడ్ కూడా ఉంది. ఈతచెట్టులా కనబడే ఈ ఆదిమ జాతి మొక్కలను దొంగలు పెకలించుకుపోయి సేకర్తలకు అమ్ముతారు. దక్షిణాఫ్రికాలో వీటి కాండంలో మైక్రోచిప్ పెట్టి కాపలా కాసే పరిస్థితి వచ్చింది.

ఊరి పేరును ప్రపంచమంతా తిప్పింది మాత్రం బంతి కుటుంబానికి చెందిన ఒక పువ్వు. 1884లో బంగారం వెతకడానికి వచ్చిన డర్బన్ వాసి రాబర్ట్ జేమ్సన్ కొండవాలున నారింజ ఎరుపులో విచ్చుకున్న ఒక పువ్వు చూసి మొక్క పట్టుకెళ్ళి డర్బన్ బొటానిక్ గార్డెన్‌కు ఇచ్చాడు. అక్కడి నుంచి అది ఇంగ్లండ్‌లోని క్యూ ఉద్యానవనం చేరింది. 1889లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ దాని బొమ్మ, వివరం అచ్చువేసి, జేమ్సన్ పేరు కలిపి జెర్బెరా జేమ్సోనీ అని లోకానికి పరిచయం చేశాడు. తర్వాత కేంబ్రిడ్జిలో రిచర్డ్ లించ్ దాన్ని మరో ఆఫ్రికా జాతితో కలిపి సంకరాలు తీశాడు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో ప్లాస్టిక్ తొడుగు వేసుకుని వచ్చే ఎరుపు, గులాబి, పసుపు జెర్బెరాలు, చేవెళ్ళ, మొయినాబాద్ పాలీహౌస్‌లలో పండేవి, పెళ్ళి మండపాల నిండా గుచ్చేవి, అన్నిటిలోనూ ఆ కొండ పువ్వు రక్తమే ఉంది. అడవి పువ్వును చూస్తే పోలిక పట్టడం కష్టం: కాడ సన్నం, రేకులు ఇంకా సన్నం, వాటి మధ్య ఖాళీలు. మండపానికి పనికిరాదు. అందం మాత్రం దానిదే.

అభయారణ్యాలు

ఊరి వెనక కొండలన్నీ బార్బర్టన్ నేచర్ రిజర్వు, మౌంటెన్‌లాండ్స్, సోంగిమ్‌వేలో, న్కొమాజి అనే పేర్లతో వరసగా రక్షిత ప్రాంతాలే. వీటిలో పెద్దది సోంగిమ్‌వేలో, దాదాపు 49,000 హెక్టార్లు. కొమాటి నది దాని గుండా పారుతుంది. ఏనుగులు, తెల్ల ఖడ్గమృగాలు, జిరాఫీలు ఉన్నాయి. సరిహద్దుకు అవతల ఎస్వాటినీలోని మలొలొట్యా అభయారణ్యం దీన్ని ఆనుకునే ఉంది. ఈ రెండిటినీ కలిపి రెండు దేశాలూ ఉమ్మడి సంరక్షణ ప్రాంతంగా చూస్తున్నాయి. క్రూగర్‌లోలాగా కారు అద్దంలోంచి సింహాల్ని లెక్కపెట్టుకోవడానికి వచ్చేవాళ్ళకు ఇక్కడ నిరాశే. గడ్డి కొండలు, వాగుల వెంట ఇరుకు అడవులు, పక్షులు, నడక: ఇదీ ఇక్కడి సరుకు.

నడవాలనుకునేవాళ్ళకు ఊరి అంచునే ఫార్చునా గని దారి ఉంది. చిన్న దారే, కానీ మధ్యలో కొండ కడుపులోంచి ఖనిజం మోయడానికి తవ్విన పాత సొరంగం, దాదాపు 600 మీటర్లు. లోపల కటిక చీకటి. టార్చి తప్పనిసరి, తోడు తప్పనిసరి, తెరిచి ఉందో లేదో ఊళ్ళో సమాచార కేంద్రంలో కనుక్కుని వెళ్ళడం అంతకన్నా తప్పనిసరి.

బులెంబు రోడ్డు

సర్పెంటైన్ రాళ్ళలోనే ఆస్బెస్టాస్ నార కూడా పుడుతుంది. మన రేకుల ఇళ్ళ కప్పుల్లో వాడిన పదార్థమే. కొండల అవతల బులెంబులోని హావ్‌లాక్ గనిలో అది దొరికింది. అక్కడి నుంచి రైలు ఉన్న బార్బర్టన్‌కు తేవాలంటే మధ్యలో రోడ్డు వేయడం గగనమయ్యే కొండలు. అందుకని 1939 నాటికి 20 కిలోమీటర్లకు పైగా ఆకాశ తాడుదారి వేశారు. తొట్లలో ఆస్బెస్టాస్ ఇటు దిగేది, బొగ్గు అటు ఎక్కేది. గని 2001లో మూతపడింది, తాడుదారి ఆగిపోయింది. బులెంబు కొన్నాళ్ళు పాడుబడి, తర్వాత అనాథ పిల్లల్ని పెంచే ఒక స్వచ్ఛంద సంస్థ చేతికి వచ్చింది. గని వ్యర్థాల గుట్టలు అక్కడే ఉన్నాయి. వాటి మీదికి ఎక్కకూడదు, ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. ఎస్వాటినీలో అతి ఎత్తయిన ఎమ్లెంబె శిఖరం, 1862 మీటర్లు, ఈ ఊరికి దగ్గరే.

వెళ్ళేవారికి

మన దేశం నుంచి దక్షిణాఫ్రికాకు వెళ్ళాలంటే వీసా కావాలి. గల్ఫ్ నగరాల మీదుగానో అడిస్ అబాబా మీదుగానో జొహానెస్‌బర్గ్‌లో దిగి, అక్కడి నుంచి ఎన్4 జాతీయ రహదారిలో తూర్పుకు రావాలి. ఎడమ వైపు నడిపే దేశం కాబట్టి కారు అద్దెకు తీసుకోవడం మనవాళ్ళకు కష్టం కాదు, అది లేకుండా ఇక్కడ తిరగడమే కష్టం. మచాడోడోర్ప్ దగ్గర ఎన్4 వదిలి బాడ్‌ప్లాస్ మీదుగా కొండ దారిలో దిగితే డి కాప్ లోయ మొత్తం ఒక్కసారిగా కళ్ళ ముందు పరుచుకుంటుంది; మ్బొంబేలా మీదుగా వచ్చే దారి సులువే గానీ ఆ దృశ్యం దక్కదు.

తిండి దగ్గర శాకాహారులు కాస్త సర్దుకోవాలి. మొక్కజొన్న పిండితో చేసే ‘పాప్’ అనే సంకటి, దాని పక్కన మాంసం ఇక్కడి భోజనం. సూపర్‌మార్కెట్లో కూరగాయలు, పండ్లు కొనుక్కుని, వంటగది ఉన్న అతిథిగృహంలో దిగడం మేలు. కొండలు ఎక్కడానికి మే నుంచి ఆగస్టు బాగుంటుంది. పూలు కావాలంటే తొలకరి పడ్డాక రావాలి, అప్పుడు పొగమంచు, జారుడు దారులు, పిడుగులు కూడా వెంట వస్తాయి. వానల్లో క్రూగర్ వైపు కూడా వెళ్ళే ఆలోచన ఉంటే మలేరియా మందుల గురించి బయల్దేరే ముందే వైద్యుణ్ణి అడగాలి.

జియోట్రెయిల్ చివర సరిహద్దు దాటి ఎస్వాటినీలోకి దిగాలనుకునేవాళ్ళు రెండు సంగతులు చూసుకోవాలి. ఆ చిన్న సరిహద్దు ద్వారాన్ని సాయంత్రం తొందరగా మూసేస్తారు. అవతల పిగ్స్ పీక్ దాకా మట్టిరోడ్డు. వాన పడితే మామూలు కారుతో వెళ్ళకపోవడమే మంచిది. తిరిగి దక్షిణాఫ్రికాలోకి రావడానికి చేతిలోని వీసా ఒప్పుతుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోవాలి.